అందరికీ కనిపించే ఈమెయిల్ అడ్రస్‌కు ఎవరైనా మార్కెటింగ్ మెయిల్ పంపొచ్చా?

ఏదో సాఫ్ట్‌వేర్‌లో సమస్య వచ్చి పబ్లిక్ మెయిలింగ్ లిస్ట్‌లో ఒక ప్రశ్న అడుగుతాం. తెలిసినవాళ్లు జవాబు చెబుతారు, పని అయిపోతుంది. కొన్నాళ్లకు ముక్కూమొహం తెలియని కంపెనీ నుంచి మెయిల్ వస్తుంది: ‘ఫలానా లిస్ట్‌లో మీరు రాసింది చూశాం. మా ప్రొడక్ట్ మీకు బాగా పనికొస్తుంది. ఒక పావుగంట మాట్లాడదామా?’ జవాబివ్వకపోతే వారం తర్వాత ఇంకోటి: ‘నా ముందు మెయిల్ చూశారో లేదో అని...’

దీనిమీద గొడవ మొదలైనప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. ‘అడ్రస్‌ను పబ్లిక్‌గా పెట్టింది మీరే కదా, ఇప్పుడు బాధపడితే ఎలా?’ అని ఒకరంటారు. ‘నేను పెట్టింది ఆ చర్చ కోసం, మీ అమ్మకాల కోసం కాదు’ అని ఇంకొకరంటారు. రెండిట్లోనూ ఎంతోకొంత నిజం ఉంది. కొన్ని దేశాల చట్టాలు మొదటి మాటకు దగ్గరగా ఉన్నాయి, కొన్ని రెండోదానికి. కాబట్టి ఎవరిది తప్పో తేల్చే ముందు అసలు ఏం జరుగుతోందో వరసగా చూడాలి.

ఏ లిస్ట్, ఏ మెయిల్

మెయిలింగ్ లిస్ట్‌లు ప్రధానంగా రెండు రకాలు. కంపెనీ తన కస్టమర్ల అడ్రస్‌లు పోగేసి న్యూస్‌లెటర్లు, ఆఫర్లు పంపే లిస్ట్ ఒకటి. అందులో మాట్లాడేది కంపెనీ ఒక్కటే, చేరినవాళ్ల అడ్రస్‌లు ఒకరికొకరికి తెలియవు. రెండోది చర్చల లిస్ట్. దానికి ఒక అడ్రస్ ఉంటుంది, దానికి మెయిల్ పంపితే సభ్యులందరికీ చేరుతుంది, ఎవరు జవాబు రాసినా మళ్లీ అందరికీ వెళ్తుంది. 1986లో వచ్చిన లిస్ట్‌సర్వ్ దగ్గర్నుంచి మెయిల్‌మ్యాన్ దాకా ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి భాగం) లాంటి పెద్ద ప్రాజెక్టులు ఇప్పటికీ ఇలాంటి లిస్ట్‌ల మీదే నడుస్తున్నాయి. ఈ చర్చలన్నీ వెబ్‌లో ఆర్కైవ్‌గా ఎవరైనా చదివేలా ఉంటే అది పబ్లిక్ లిస్ట్. ఈ వ్యాసం ఈ రెండో రకం గురించి.

అడగకుండా వచ్చే మెయిల్ అంతా స్పామ్ కాదు. మీ పోస్ట్ చదివి, అదే సమస్యలో ఉన్న ఇంకో ప్రోగ్రామర్ మీకు విడిగా రాస్తే అదీ అడగకుండా వచ్చిందే, కానీ దానికి ఎవరూ నొచ్చుకోరు. స్పామ్‌తో పోరాడేవాళ్లు సాధారణంగా రెండు లక్షణాలు కలిపి చూస్తారు: అనుమతి లేకపోవడం, ఒకే రకం మెయిల్ మూకుమ్మడిగా పోవడం. చట్టాలు మాత్రం చాలావరకు సంఖ్యను పట్టించుకోవు. అమ్మకం కోసమా కాదా అన్నదే వాటికి ముఖ్యం. చికాకు పెట్టే మెయిల్ చట్టబద్ధం కావడానికీ, ఒకే ఒక్క మెయిల్ చట్టవిరుద్ధం కావడానికీ ఈ తేడానే చాలాసార్లు కారణం.

ఒక్క మెయిల్ ఎన్నిచోట్ల మిగిలిపోతుంది

ఉదాహరణకు వెయ్యిమంది సభ్యులున్న లిస్ట్‌కు మీరొక ప్రశ్న పంపారనుకుందాం. ముందుగా దాని కాపీలు వెయ్యి ఇన్‌బాక్స్‌లలోకి వెళ్తాయి. వాటిమీద మీకు గానీ లిస్ట్ నిర్వాహకులకు గానీ ఎలాంటి అదుపూ ఉండదు. ఆ తర్వాత ఆర్కైవ్‌లో ఒక వెబ్ పేజీ తయారవుతుంది. పెద్ద లిస్ట్‌లైతే అసలు ఆర్కైవ్‌తో పాటు దాన్ని కాపీ చేసి వేరేచోట పెట్టే సైట్లూ ఉంటాయి. లినక్స్ కెర్నల్ లిస్ట్‌ల ఆర్కైవ్‌నైతే గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) ద్వారా ఎవరైనా మొత్తంగా తమ కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. ఇది ఎక్కడో జరిగిన పొరపాటు కాదు. ఏ ఒక్క సర్వర్ పోయినా చర్చ పోకూడదని కావాలనే అలా కట్టారు.

ఇక ఆ మెయిల్‌లో ఏముంటుందో చూడండి. మీరు రాసింది నాలుగు వాక్యాలే కావొచ్చు, దానికి పైన హెడర్లు ఉంటాయి. మామూలుగా మన కంటికి కనిపించవు గానీ ‘ఒరిజినల్ చూపించు’ అని నొక్కితే బయటపడతాయి. పంపిన తేదీ పక్కనే మీ టైమ్ జోన్ ఉంటుంది. ఏ మెయిల్ ప్రోగ్రామ్ వాడారో కొన్నిసార్లు దాని వెర్షన్‌తో సహా ఉంటుంది. మెయిల్ ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో చెప్పే ‘రిసీవ్డ్’ లైన్లు వరసగా ఉంటాయి. మీరు వాడే సర్వర్‌ను బట్టి అట్టడుగు లైనులో మీ కంప్యూటర్ ఐపీ అడ్రస్ కూడా దొరకొచ్చు. ‘మెసేజ్ ఐడీ’ అనే పొడుగాటి గుర్తులో కొన్నిసార్లు మీ కంప్యూటర్ పేరే ఉంటుంది. కింద మీ సంతకంలో హోదా, ఫోన్ నంబర్ పెట్టుకుని ఉంటే అవి ఎలాగూ ఉన్నాయి.

ఆర్కైవ్ సాఫ్ట్‌వేర్లు హెడర్లన్నిటినీ పేజీ మీద చూపించవు. అడ్రస్‌ను కొంత దాచే ప్రయత్నం కూడా చేస్తాయి. పాత మెయిల్‌మ్యాన్ ఆర్కైవ్‌లలో గుండ్రటి ‘@’ గుర్తు బదులు రెండు అక్షరాల ‘యాట్’ అనే ఇంగ్లిష్ మాట కనిపించేది అందుకే. అది మనిషికీ అర్థమవుతుంది, ప్రోగ్రామ్‌కూ అర్థమవుతుంది. ఆ మాటను తిరిగి గుర్తుగా మార్చడానికి ఒక్క లైను కోడ్ సరిపోతుంది. పైగా ఎవరైనా మీ మెయిల్‌ను కోట్ చేస్తూ జవాబు రాస్తే, వాళ్ల మెయిల్ ప్రోగ్రామ్ ‘ఫలానా తేదీన ఫలానావారు ఇలా రాశారు’ అంటూ మీ అడ్రస్‌ను మెయిల్ మధ్యలోకి తెచ్చి పెడుతుంది. దాచే ప్రోగ్రామ్ పైన హెడర్‌ను మాత్రమే చూసేదైతే లోపలి అడ్రస్ అలాగే ఉండిపోతుంది.

అంటే పబ్లిక్ లిస్ట్‌లో రాయడమంటే అడ్రస్ ఒక్కటే బయట పెట్టడం కాదు. మనం ఏ రంగంలో ఉన్నాం, ఏ సమస్యతో తంటాలు పడుతున్నాం, ఏ కంపెనీలో పనిచేస్తున్నాం అన్నవన్నీ దానికి అంటుకుని బయటికొస్తాయి. మార్కెటింగ్ చేసేవాళ్లకు అసలు విలువైంది ఇదే. ఉత్త అడ్రస్‌కు పెద్ద విలువేమీ లేదు. ‘ఈ మనిషి ఈ నెలలో ఫలానా డేటాబేస్‌తో ఇబ్బంది పడుతున్నాడు’ అన్న సమాచారంతో కలిసిన అడ్రస్‌కు చాలా విలువ ఉంది.

అడ్రస్‌లు ఏరుకోవడం కొత్తేమీ కాదు

1978 మేలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థుర్క్, ఇంటర్నెట్‌కు ముందు తరం నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్‌లో ఉన్న సుమారు 400 మందికి తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని ఒకే మెయిల్ పంపించారు. మొట్టమొదటి స్పామ్‌గా దాన్నే చెబుతారు. ఆ అడ్రస్‌లు ఎక్కడివి? ఆర్పానెట్ వాడేవారి కోసం అచ్చువేసిన డైరెక్టరీలోవి. పరిశోధకులు ఒకరినొకరు అందుకోవడానికి వేసిన పుస్తకం అది. అందులోంచి చూసి టైప్ చేశారు. అడ్రస్‌లు ఎక్కువై, వాటికోసం ఉంచిన చోటు చాలక, మిగిలినవి మెయిల్ లోపలికి ఒలికిపోయాయి. నెట్‌వర్క్ నడిపే అధికారులు మండిపడ్డారు. అంత తప్పేముందన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఇవాళ్టి వాదనకు కావలసిన ముడిసరుకంతా ఆ ఒక్క సంఘటనలోనే ఉంది.

ఇప్పుడు టైపు చేసే పని లేదు. వెబ్ పేజీలు తిరుగుతూ అడ్రస్‌లు ఏరే ప్రోగ్రామ్‌లను హార్వెస్టర్లు అంటారు. లిస్ట్ ఆర్కైవ్‌లు వాటికి ఒక వనరు మాత్రమే. గిట్‌లో కోడ్ చేర్చిన ప్రతిసారీ రాసినవారి పేరు, ఈమెయిల్ అందులో నమోదవుతాయి. ఆ కోడ్ పబ్లిక్ అయితే అడ్రస్సూ పబ్లిక్కే. అలాంటి కోడ్‌ను ఉంచే సైట్ గిట్‌హబ్ అందుకే అసలు అడ్రస్ బదులు వాడుకోవడానికి ‘నోరిప్లై’ అడ్రస్ ఒకటి ఇస్తోంది. పరిశోధనా పత్రాల్లో సంప్రదించాల్సిన రచయిత మెయిల్ ఇవ్వడం ఆనవాయితీ. పత్రం అచ్చయిన కొద్ది రోజులకే ఊరూపేరూ లేని జర్నల్స్ నుంచి ఆహ్వానాలు రావడానికి కారణం అదే. డొమైన్ కొన్నవారి వివరాలు చూపే హూఈజ్ రికార్డులూ ఏళ్ల తరబడి ఇలాగే దుర్వినియోగమయ్యాయి. 2018లో యూరోపియన్ యూనియన్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ వచ్చాక వాటిలో వ్యక్తుల వివరాలను చాలావరకు దాచేశారు.

వీటన్నిటిలోనూ అడ్రస్ బయట పెట్టింది ఒక పని సాగడం కోసం. కోడ్ ఎవరు రాశారో తెలియాలి, పత్రంలో సందేహం ఉంటే అడిగే వీలుండాలి. అడ్రస్ దాచేసుకుంటే ఆ పని కుంటుపడుతుంది. ‘అంత ఇబ్బందైతే అడ్రస్ పెట్టకండి’ అనే సలహా నాకు మింగుడుపడనిది ఇందుకే.

ఒకే మెయిల్, వేర్వేరు చట్టాలు

మొదట్లో చెప్పిన మెయిల్‌నే తీసుకుందాం. ఒక సేల్స్ ఉద్యోగి లిస్ట్ ఆర్కైవ్‌లో మీ పోస్ట్ చూసి, మీ ఒక్కరికే, తన అసలు పేరుతో, అబద్ధాలేమీ లేకుండా ప్రొడక్ట్ గురించి రాశాడు.

అమెరికాలో 2004 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేదు. పంపినవారు ఎవరో దాచకూడదు, సబ్జెక్ట్ లైను మోసపూరితంగా ఉండకూడదు, అది ప్రకటనేనని స్పష్టంగా తెలియాలి, పోస్టల్ అడ్రస్ ఉండాలి, వద్దని చెప్పే దారి ఉండాలి, వద్దన్నాక 10 పనిదినాల్లో ఆపేయాలి. ఇవన్నీ ఉంటే ఆ మెయిల్ చట్టబద్ధమే. లేకపోతే ఒక్కో మెయిల్‌కు 50 వేల డాలర్లు దాటి జరిమానా పడొచ్చు. అడ్రస్‌లు ఇతరులకు ఇవ్వబోమని నోటీసు పెట్టిన సైట్ నుంచి ప్రోగ్రామ్‌తో అడ్రస్‌లు ఏరి, ఈ నియమాలు కూడా ఉల్లంఘిస్తే నేరం తీవ్రత పెరుగుతుంది. ఏరడమొక్కటే ఇక్కడ పూర్తి నేరం కాదని గమనించండి.

యూరోపియన్ యూనియన్‌లో లెక్క తిరగబడుతుంది. 2002 నాటి ఈ-ప్రైవసీ డైరెక్టివ్ ప్రకారం వ్యక్తులకు మార్కెటింగ్ మెయిల్ పంపాలంటే ముందే సమ్మతి ఉండాలి. ఇప్పటికే తమ దగ్గర కొన్న కస్టమర్లకు అలాంటి వస్తువుల గురించే రాయడానికి ఒక మినహాయింపు ఉంది, లిస్ట్‌లో పోస్ట్ రాసినవాళ్లు కస్టమర్లు కారు. కంపెనీ అడ్రస్‌ల విషయం మాత్రం సభ్యదేశాలకే వదిలేశారు కాబట్టి దేశానికో రకంగా ఉంటుంది. దీనిమీద జీడీపీఆర్ ఒకటి. అడ్రస్ అందరికీ కనిపించేదైనా అది వ్యక్తిగత సమాచారమే. వేరేచోటి నుంచి తీసుకున్నప్పుడు ఎక్కడి నుంచి తీసుకున్నారో ఆ మనిషికి చెప్పాలి, ఆ సమాచారంతో వాళ్లకే రాస్తుంటే కనీసం మొదటి మెయిల్‌లోనే చెప్పాలి. మార్కెటింగ్ వద్దు అని అభ్యంతరం చెబితే ఇక వాదన లేదు, ఆపాల్సిందే. అయితే ఇదే జీడీపీఆర్ పీఠికలో, ప్రత్యక్ష మార్కెటింగ్‌ను ‘న్యాయబద్ధ ప్రయోజనం’గా చూడవచ్చన్న మాట కూడా ఉంది. సేల్స్ వాళ్లు తరచూ చూపించే వాక్యం అదే. ఈమెయిల్ విషయంలో దానికి పక్కనే ఈ-ప్రైవసీ నియమం ఉందన్నది మర్చిపోతుంటారు.

కెనడా చట్టం 2014 జులై 1న అమల్లోకి వచ్చింది. మన సమస్యకు సూటిగా జవాబు చెప్పేందుకు ప్రయత్నించింది అదేననిపిస్తుంది. సమ్మతి ఉండాల్సిందే, కానీ ఎవరైనా తమ అడ్రస్‌ను అందరికీ కనిపించేలా ప్రచురించుకుని, మార్కెటింగ్ మెయిల్స్ వద్దని పక్కన రాయకపోతే, వచ్చే మెయిల్ వాళ్ల వృత్తికి సంబంధించినదైతే, సమ్మతి ఉన్నట్టే భావిస్తారు. పై ఉదాహరణలో డేటాబేస్ గురించి అడిగినవారికి డేటాబేస్ టూల్ గురించి రాయడం ఈ లెక్కలోకి రావొచ్చు. అదే మనిషికి ఇన్సూరెన్స్ గురించి రాస్తే రాదు. కానీ లిస్ట్‌కు మెయిల్ పంపడం అడ్రస్‌ను ప్రచురించుకోవడమేనా, లేక ఆర్కైవ్ సాఫ్ట్‌వేర్ దానంతటది చేసిన పనా అన్నది వాదనకు దిగితే తేలికగా తేలే విషయం కాదు. ఆస్ట్రేలియా చట్టంలోనూ ఇలాంటి నిబంధనే ఉంది, దాంతోపాటు అడ్రస్‌లు ఏరే సాఫ్ట్‌వేర్ మీద విడిగా నిషేధాలున్నాయి.

భారత్ 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకో దారి పట్టింది. ఒక వ్యక్తి తనంతట తాను బహిరంగపరిచిన వ్యక్తిగత సమాచారానికి ఆ చట్టమే వర్తించదని అందులో రాశారు. అంటే ‘పెట్టింది మీరే కదా’ అన్న వాదనకు బలం దొరికినట్టే. యూరప్‌లో పబ్లిక్ అయినా రక్షణ పోని అడ్రస్, ఇక్కడ పబ్లిక్ అయిందన్న కారణంతోనే రక్షణ బయట పడుతుంది.

రెండు వైపుల వాదనలు

అమ్మేవాళ్ల వైపు మాట కొట్టిపారేసేది కాదు. పేరున్న కంపెనీకి ప్రకటనలున్నాయి, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మనిషిని వెతుక్కుని రాయడం తప్ప దారేది? అలా వచ్చిన మెయిల్ వల్లే మంచి ఉద్యోగం దొరికినవాళ్లున్నారు, ఎన్నాళ్లుగానో వేధించిన సమస్యకు పరిష్కారం దొరికినవాళ్లున్నారు. పైగా పోస్ట్ చదివి, అర్థం చేసుకుని, ఒక్కరికి రాసిన మెయిల్‌నూ లక్షమందికి విసిరేసిన మెయిల్‌నూ ఒకే గాటన కట్టడం అన్యాయం.

రెండో వైపు వాదనకు సిద్ధాంత బలం ఇచ్చింది హెలెన్ నిసెన్‌బామ్ అనే ఆచార్యురాలు. సమాచారం రహస్యమా, బహిరంగమా అని రెండు ముక్కలుగా చూడొద్దంటారు ఆమె. ఏ సమాచారమైనా ఒక సందర్భంలో, కొన్ని మర్యాదలతో చేతులు మారుతుంది. దాన్ని ఆ సందర్భం దాటించి ఇంకో పనికి వాడితే, అది అప్పటికే అందరికీ తెలిసిందైనా ప్రైవసీకి భంగమే. ఇంటి గుమ్మం మీద పేరు రాసుకున్నంత మాత్రాన దారిన పోయేవాళ్లందరినీ లోపలికి రమ్మన్నట్టు కాదు గదా.

నాకు ఈ వైపే న్యాయం ఎక్కువగా కనిపిస్తుంది, ఖర్చు ఎవరిమీద పడుతోందో చూస్తే. పంపేవాడికి పది మెయిల్స్‌కూ పదివేల మెయిల్స్‌కూ ఖర్చులో పెద్ద తేడా లేదు. చదివి, ఏమిటో తేల్చుకుని, తీసేసే పని మాత్రం అందుకున్న ప్రతి ఒక్కరూ విడివిడిగా చేయాలి. ‘ఒక్కరికే, ఆలోచించి రాశాం’ అన్న సమర్థన ఒకప్పుడు నిలిచేది. ఇప్పుడు పోస్ట్ చదివి, పేరుపెట్టి, ఆ మనిషికే ప్రత్యేకంగా రాసినట్టుండే మెయిల్‌ను ప్రోగ్రామ్‌లే వేలల్లో తయారు చేస్తున్నాయి. చూడ్డానికి ఒక్కరికి రాసినట్టే ఉంటుంది, పోయేది మూకుమ్మడిగానే.

అందుకే నష్టం ఇన్‌బాక్స్‌తో ఆగదు. కొత్తగా చేరినవారు మొదటి ప్రశ్న అడగ్గానే రెండు సేల్స్ మెయిల్స్ వస్తే రెండో ప్రశ్న అడగరు. లిస్ట్ పలచబడుతుంది. ఆ కంపెనీ తన ప్రొడక్ట్ కట్టుకున్నది కూడా బహుశా ఇలాంటి లిస్ట్‌లలో పుట్టిన సాఫ్ట్‌వేర్ మీదే.

టెక్నాలజీ ఎంతవరకు ఆపగలదు

1982లో ఈమెయిల్ ఎలా పంపాలో చెప్పే ఎస్‌ఎంటీపీ ప్రమాణం రాసినప్పుడు, పంపినవారు నిజంగా వారేనా అని తేల్చే ఏర్పాటు అందులో లేదు. ఆ లోటు పూడ్చడానికి తర్వాత మూడు పద్ధతులు వచ్చాయి. ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేది ఎస్‌పీఎఫ్. మెయిల్ దారిలో మారలేదని సంతకంతో రుజువు చేసేది డీకిమ్. ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో డొమైన్ యజమాని చెప్పేది డీమార్క్.

చిక్కేమిటంటే ఇవి మోసగాళ్ల కన్నా ముందు లిస్ట్‌లనే దెబ్బతీశాయి. లిస్ట్ సర్వర్ మీ మెయిల్ తీసుకుని సబ్జెక్ట్ ముందు లిస్ట్ పేరు తగిలిస్తుంది, కింద ఫుటర్ కలుపుతుంది. దాంతో డీకిమ్ సంతకం చెడిపోతుంది. పంపేది లిస్ట్ సర్వర్ కాబట్టి ఎస్‌పీఎఫ్ కూడా మీ డొమైన్‌తో సరిపోదు. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కు ‘పరీక్ష తప్పితే తిరస్కరించండి’ అని డీమార్క్ పెట్టగానే, యాహూ సభ్యులు లిస్ట్‌లకు రాసిన మెయిల్స్ వేరే సర్వీసుల్లో తిరస్కరణకు గురయ్యాయి. అలా తిరిగొచ్చిన మెయిల్స్‌ను (బౌన్స్‌లు) లెక్కపెట్టిన లిస్ట్ సాఫ్ట్‌వేర్, ఏ పాపం తెలియని జీమెయిల్ సభ్యులను లిస్ట్ నుంచి తీసేయడం మొదలుపెట్టింది. చాలా లిస్ట్‌లు పంపినవారి అడ్రస్ స్థానంలో లిస్ట్ అడ్రస్‌నే పెట్టడం అప్పట్నుంచే. అనుకోకుండా అది ప్రైవసీకి కొంత మేలు చేసింది. కానీ రాసినవారికి విడిగా జవాబివ్వడం కష్టమైంది.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్దమొత్తంలో పంపేవారిపై గట్టి నిబంధనలు పెట్టాయి. జీమెయిల్ అడ్రస్‌లకు రోజుకు 5,000కు పైగా పంపేవారికి ఈ మూడు పద్ధతులూ తప్పనిసరి. మార్కెటింగ్ మెయిల్స్‌లో ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపు ఉండాలి. ఇవి మంచి నిబంధనలే. అయితే ఇవన్నీ పంపినది ఎవరో చెబుతాయి, పంపే హక్కు ఉందో లేదో చెప్పవు. రోజుకు యాభై మెయిల్స్ జాగ్రత్తగా పంపే సేల్స్ ఉద్యోగి ఈ వలలో పడడు.

అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కాలా వద్దా అన్న సందేహం చాలామందికి ఉంది. మనం చేరిన లిస్ట్ నుంచో, పేరున్న కంపెనీ నుంచో వచ్చినదైతే నొక్కితే పని జరుగుతుంది. ఎవరో తెలియని మోసగాడిదైతే, ఈ అడ్రస్ వెనక మనిషి ఉన్నాడని మనమే చెప్పినట్టవుతుంది. మెయిల్ తెరిచారని పంపినవారికి తెలిపేలా, కంటికి కనిపించని బొమ్మ రూపంలో దాచిన ట్రాకింగ్ పిక్సెల్ కూడా అలాంటి కబురే మోస్తుంది. యాపిల్ మెయిల్ 2021 నుంచి దాన్ని చాలావరకు పనికిరాకుండా చేసింది.

ఆర్కైవ్ నుంచి తీసేయమంటే

చివరికి చాలామంది అడిగేది ఇదే. జీడీపీఆర్ తొలగించమని కోరే హక్కు ఇచ్చింది గానీ, భావప్రకటన స్వేచ్ఛకూ ప్రజాప్రయోజనం కోసం భద్రపరిచే ఆర్కైవ్‌లకూ మినహాయింపులూ ఇచ్చింది. నిర్వాహకుల ఇబ్బందీ నిజమే. ఒక మెయిల్ తీసేస్తే దాన్ని కోట్ చేసిన పది జవాబులు మిగులుతాయి, వాటికి అర్థం పోతుంది. కోడ్ ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో ఇచ్చారన్న రికార్డు లైసెన్స్ తగాదాల్లో అవసరం పడుతుంది. అందుకని కొందరు పోస్ట్‌ను ఉంచి అడ్రస్‌ను మాత్రం చెరిపేస్తారు, కొందరు సెర్చ్ ఇంజిన్లకు కనిపించకుండా చేస్తారు. వేరే సైట్లలోని కాపీల కోసం ఆయా సైట్లను విడిగా అడగాలి. సభ్యుల కంప్యూటర్లలో ఉన్న కాపీలను అడిగే దారే లేదు.

సభ్యులు కానివారికి అడ్రస్‌లు చూపించకుండా ఆర్కైవ్ నడపడం మధ్యేమార్గం. మెయిల్‌మ్యాన్ లాంటివాటిలో ఆర్కైవ్‌ను సభ్యులకే పరిమితం చేసే సెట్టింగ్ ఉంది. హార్వెస్టర్ నడిపేవాడు లిస్ట్‌లో చేరితే అదీ ఆగదు, అయినా అలా చేరిన అడ్రస్‌ను గుర్తించి తీసేసే అవకాశం నిర్వాహకులకు మిగులుతుంది. లిస్ట్ నియమాల్లో ‘ఇక్కడి అడ్రస్‌లను మార్కెటింగ్‌కు వాడరాదు’ అని స్పష్టంగా రాయడం ఉత్త లాంఛనం కాదు. పక్కన అలాంటి మాట ఉంటే కెనడాలో సమ్మతి ఉందని వాదించడం కష్టమవుతుంది, అమెరికాలో అడ్రస్‌లు ఎవరికీ ఇవ్వబోమన్న నోటీసు ఉంటే ఏరినవాడి నేరం బరువెక్కుతుంది. లిస్ట్‌కు ఒకటీ సొంత పనులకు ఇంకోటీ వేర్వేరు అడ్రస్‌లు పెట్టుకునేవాళ్లకు అదనంగా ఒక లాభం ఉంది. లిస్ట్‌కు మాత్రమే ఇచ్చిన అడ్రస్‌కు సేల్స్ మెయిల్ వస్తే, అది ఎక్కడి నుంచి ఏరిందో వాదన లేకుండా తెలిసిపోతుంది. ఆ మెయిల్‌ను హెడర్లతో సహా లిస్ట్ నిర్వాహకులకూ, పంపినవారి మెయిల్ సర్వీసు ఫిర్యాదులు తీసుకునే ‘అబ్యూజ్’ అడ్రస్‌కూ పంపిస్తే ఫిర్యాదుకు ఆధారం చేతిలో ఉన్నట్టే.